దూది మంచు వద్దు, స్టీలు గ్లాసు చాలు: చలికాలంలో బడి పాఠాలు

లెక్కల సార్: నమస్కారం. డిసెంబరు వచ్చిందంటే చాలా బళ్లలో చార్టుల మీద దూది మంచుకొండలు, థర్మాకోల్ మంచుమనుషులు వెలుస్తాయి. చూడ్డానికి బావుంటాయి గానీ గుంటూరు పిల్లాడు దాంట్లో కొలవగలిగేది ఏమీ ఉండదు. మన చలికాలంలో కొలవదగ్గవి చాలానే ఉన్నాయి. ఈ ఎపిసోడ్ అంతా వాటి గురించే. మేడం, మీ గ్లాసుతో మొదలుపెడదామా?

సైన్స్ మేడం: అలాగే సార్. ముందు పిల్లల్ని ఒక ప్రశ్న అడగాలి. పొద్దున గడ్డి మీద నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? తరగతిలో సగం మంది "పైనుంచి కురిశాయి" అంటారు. వాళ్ల తప్పు కాదు, మన మాటే అలా ఉంది కదా, "రాత్రి మంచు బాగా కురిసింది" అంటాం. కురవలేదని వాళ్లకు చూపించడానికే ఈ గ్లాసు.

లెక్కల సార్: ఏమేం కావాలి?

సైన్స్ మేడం: ఐదుగురికో జట్టు. జట్టుకో స్టీలు గ్లాసు, ల్యాబ్ థర్మామీటరు, పొడిగుడ్డ, 100 గ్రాముల ఐసు. బళ్లో ఫ్రిజ్ లేకపోతే కూల్‌డ్రింకుల షాపులో తెచ్చి ఫ్లాస్కులో ఉంచుకోవచ్చు. ఐసును గుడ్డలో చుట్టి శనగగింజంత ముక్కలయ్యేలా కొట్టాలి. గ్లాసులో సగం వరకు మామూలు నీళ్లు పోసి, బయటంతా పొడిగా తుడిచి, రెండు ముక్కలు వేసి కలపాలి. కరిగాక ఇంకో రెండు. గ్లాసు బయట మెరుపు తగ్గి మసకబారిన క్షణంలో ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఆ తర్వాత ఐసు వేయకుండా వదిలేసి, మసక పోయినప్పుడు మళ్లీ రాయాలి. రెండింటి సగటే తుషార బిందువు, అంటే గాలిలోని ఆవిరి నీరవడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత.

లెక్కల సార్: ఎక్కడ చెడుతుంది?

సైన్స్ మేడం: మొదటిది, ఐసంతా ఒక్కసారే కుమ్మరిస్తారు. నీళ్లు 5 డిగ్రీలకు పడిపోతాయి, మసక ఎప్పుడు పట్టిందో ఎవరికీ తెలీదు. రెండోది, గ్లాసును చేత్తో పట్టుకుంటారు. పట్టుకున్న చోట వేడెక్కి, అక్కడ చెమ్మే పట్టదు. మూడోది, ముఖం దగ్గర పెట్టి చూస్తారు, ఊపిరిలో ఉన్న ఆవిరే గ్లాసుకు పట్టేస్తుంది. చెయ్యి చాచినంత దూరం నుంచి చూడమనాలి. ఇక గాజు గ్లాసు వాడితే లోపలి నీళ్లకీ బయటి గోడకీ తేడా వస్తుంది, థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. స్టీలు అందుకే.

లెక్కల సార్: జ్వరం చూసే థర్మామీటరు తెస్తారు కొందరు.

సైన్స్ మేడం: తెస్తారు! అది 35 నుంచి 42 వరకే. దీనికి పనికిరాదు. అసలు సంగతి ఏంటంటే, ఈ ప్రయోగం ఒకే రోజు రెండుసార్లు చేయించాలి. పొద్దున మొదటి పీరియడ్‌లో ఒకసారి, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇంకోసారి. గాలి ఉష్ణోగ్రత 18 నుంచి 29కి పెరిగి ఉండొచ్చు, తుషార బిందువు మాత్రం ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూగా అక్కడే ఉంటుంది. అంటే గాలిలో ఆవిరి దాదాపు అంతే, గాలి ఒక్కటే వేడెక్కింది. తెల్లవారుజామున గడ్డి ఆ అంకె దాకా చల్లబడిందా, చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరే దానిమీద నీరవుతుంది. పైనుంచి ఏదీ పడలేదు.

లెక్కల సార్: ఉప్పు కలిపితే గ్లాసు మీద తెల్లగా గడ్డకడుతుంది, అది కూడా చేయించొచ్చా?

సైన్స్ మేడం: మీరు చేసి చూపించండి, పిల్లల చేతికి ఇవ్వద్దు. మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు ఉప్పు, తూకంతో. కల్లుప్పయితే దంచి వేయాలి, పెద్ద పలుకులు నెమ్మదిగా పనిచేస్తాయి. ముందు చెమ్మ పడుతుంది, తర్వాత గరుకుగా తెల్లని పొర వస్తుంది. థర్మామీటరు దాంట్లో వదిలేయొద్దు. మన ల్యాబ్‌వాటికి కింద మైనస్ 10 వరకే గీతలుంటాయి, ఈ మిశ్రమం అంతకన్నా కిందికి పోగలదు. తడి చేత్తో ముట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది, జాగ్రత్త.

లెక్కల సార్: గడ్డి మీద నీళ్లనీ మంచే అంటాం, రోడ్డు మీద పొగలా ఉండేదాన్నీ మంచే అంటాం, హిమాలయాల్లో పడేదీ మంచే. ఇది తెలుగు పీరియడ్‌కు భలే సరుకు.

సైన్స్ మేడం: అవును సార్. నల్లబల్ల మీద తుషారం, తుహినం, నీహారం, హిమం, ప్రాలేయం రాసి, ఒక్కోదానికి ఒక్కో అర్థం పంచమంటే పిల్లలు పోట్లాడుకుంటారు. అమరకోశంలో ఇవన్నీ ఒకే వరుసలో పర్యాయపదాలుగా ఉన్నాయి. అంటే ఈ తికమక మనతో మొదలైంది కాదు. గ్లాసు మీద పట్టింది, ఉప్పు వేస్తే వచ్చింది, పొగమంచు, ఈ మూడింటికీ ఏ మాట వాడాలో వాళ్లనే తేల్చుకోమనండి. సైన్సు పుస్తకంలో తుషార బిందువు అనే మాట ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు బుర్రకెక్కుతుంది.

లెక్కల సార్: కొబ్బరినూనె సంగతి?

సైన్స్ మేడం: చిన్నపిల్లలకు అదే మంచిది, మూడు నాలుగు తరగతులకు. కొబ్బరినూనె కరిగేది సుమారు 24 డిగ్రీల దగ్గర. పక్కన నువ్వులనూనె, వేరుశనగ నూనె పెట్టండి, అవి మన చలికి గడ్డకట్టవు. గడ్డకట్టిన సీసాను ఒకరు ఎండలో, ఒకరు నీడలో, ఒకరు గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఎంతసేపట్లో కరిగిందో రాస్తే చాలు. "మా నూనె గడ్డకట్టలేదు, కల్తీ" అని ఒకడు అంటాడు, అక్కడ తొందరపడొద్దు. కరిగిన నూనె 24కి రాగానే బిగుసుకోదు, ఇంకా కాస్త చల్లబడాలి. గది 25 ఉంటే అసలు బిగుసుకోదు. మరి మీ కర్ర సంగతి చెప్పండి.

లెక్కల సార్: నా దృష్టిలో చలికాలంలో చేయించాల్సింది ఒక్కటే ఎంచుకోమంటే, నీడ కొలవడమే. ఖర్చు లేదు, సోషల్‌కీ సైన్సుకీ లెక్కలకీ ఒకే కొలత పనికొస్తుంది. డిసెంబరు 21 లేదా 22న చదునైన నేల మీద కర్ర నిలబెట్టాలి. నేలపైన సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి. మీటరు కర్రను పది సెంటీమీటర్లు పాతేసి లెక్కలో 100 అని రాసుకోవడం అందరూ చేసే పొరపాటు. దారానికి రాయి కట్టి, కర్ర నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూడాలి.

సైన్స్ మేడం: సరిగ్గా 12 గంటలకు కొలవాలా?

లెక్కల సార్: కాదు, అక్కడే చాలామంది బోల్తా పడతారు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన 16 నిమిషాలు వెనక. సూర్యుడికీ గడియారానికీ రోజును బట్టి కాస్త తేడా ఉంటుంది, ఆ సర్దుబాటు కింద డిసెంబరు 21న రెండు నిమిషాలు పోతే, అక్కడ సూర్యుడు నడినెత్తి రేఖకు వచ్చేది 12:14కు. విశాఖలో 12 కొట్టకముందే వచ్చేస్తాడు. ఇవన్నీ పిల్లలకు ముందే చెప్పొద్దు. 11:40 నుంచి 12:40 దాకా ఐదేసి నిమిషాలకోసారి నీడ కొన దగ్గర గుర్తు పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడే మధ్యాహ్నం. ఆ నీడ గీసిన గీతే ఉత్తర దక్షిణాలు.

సైన్స్ మేడం: నీడ కొన మసకగా ఉంటుంది కదా, ఎక్కడ గుర్తు పెడతారు?

లెక్కల సార్: మంచి ప్రశ్న. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. అందుకే మీటరు కర్ర నీడకు చివర ఒకటిన్నర సెంటీమీటరు మేర మసక ఉంటుంది. ఉపాయం ఏంటంటే, ఒక అట్టముక్కకు 5 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి, ఆ బెజ్జం సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా కర్ర కొనకు అతికించి, సూర్యుడి వైపు వాల్చాలి. నీడ మధ్యలో గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. దాని నడిమధ్య గుర్తు పెట్టాలి. బెజ్జానికి సూటిగా కింద ఉన్న చోటు నుంచి కొలవాలి, కర్ర అంచు నుంచి కాదు.

సైన్స్ మేడం: ఎంత రావాలి?

లెక్కల సార్: 90లోంచి ఊరి అక్షాంశం తీసేయండి, ఇంకో 23.4 తీసేయండి. అదే ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కోణం. హైదరాబాద్‌కు 49.2 డిగ్రీలు, నీడ 86 సెంటీమీటర్లు. తిరుపతిలో 75. ఆదిలాబాద్‌లో దాదాపు 94. పదో తరగతి వాళ్లు టాన్ వాడతారు. ఏడో తరగతికి టాన్ అక్కర్లేదు, పది సెంటీమీటర్ల కర్ర బొమ్మ గీసి కోణమానినితో కొలిస్తే సరిపోతుంది. ఉత్తరాన ఒక బడి, దక్షిణాన ఒక బడి ఫోన్లో కొలతలు మార్చుకుంటే ఇంకా బాగుంటుంది. కోణాల తేడాను 111తో గుణిస్తే రెండూళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం కిలోమీటర్లలో వస్తుంది. మ్యాపుతో పోల్చుకోవచ్చు. నీడలో 1 సెంటీమీటరు తప్పు పోతే కోణంలో మూడోవంతు డిగ్రీ, నేల మీద 36 కిలోమీటర్లు. కొలతలో శ్రద్ధ ఎందుకో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

సైన్స్ మేడం: మరి సంక్రాంతి? ఉత్తరాయణం జనవరిలో అంటాం, నీడ డిసెంబర్లోనే వెనక్కి తిరిగింది కదా అని పిల్లలు అడుగుతారు.

లెక్కల సార్: అడగాలి కూడా. సెలవుల్లో ఇంటి దగ్గరే జనవరి 14న మళ్లీ కొలవమనండి. హైదరాబాద్‌లో 80 సెంటీమీటర్లు వస్తుంది, అప్పటికే ఆరు తగ్గింది. అన్నట్టు ఆ రోజు మధ్యాహ్నం 12:25 దగ్గరికి జరుగుతుంది, అది చూసుకోవాలి. పండగేమో, సూర్యుడు మకర రాశిలోకి వచ్చే రోజును బట్టి వస్తుంది. భూమి అక్షం బొంగరంలా తిరుగుతూ 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది, అందుకే రెండు తేదీలు దూరమయ్యాయి. సుమారు 1700 ఏళ్ల కిందట రెండూ కలిసే ఉండేవి.

సైన్స్ మేడం: దీనికి సామెతలు జోడించొచ్చు. "మార్గశిరంలో మాట్లాడటానికి పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు" అంటారు. ఇంట్లో ఉన్న క్యాలెండరులోనో పంచాంగంలోనో సూర్యోదయ, సూర్యాస్తమయాలు వారానికోసారి రాసుకొని గ్రాఫు గీస్తే ఏ నెలలో పొద్దు తక్కువో తేలుతుంది. హైదరాబాద్‌లో అతి చిన్న పగలు సుమారు 11 గంటల 5 నిమిషాలు. చిత్రం ఏంటంటే, సూర్యుడు అన్నిటికన్నా తొందరగా అస్తమించేది నవంబరు చివర్లో, అన్నిటికన్నా ఆలస్యంగా ఉదయించేది జనవరి మూడో వారంలో. రెండు గీతలూ వేరువేరుగా గీస్తేనే ఇది కనిపిస్తుంది.

లెక్కల సార్: లంబసింగిని సోషల్ వాళ్లు ఎటూ చెబుతారు. చిన్న మాట. అది సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది, వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీలు తగ్గుతుందని పుస్తకంలో ఉంటుంది. విశాఖలో 18 ఉన్న రోజు లెక్క ప్రకారం లంబసింగిలో పదకొండున్నర ఉండాలి. పేపర్లో చూస్తే ఒక్కోసారి 5 కన్నా తక్కువ. మిగతా డిగ్రీలు ఎటు పోయాయి? విశాఖ పక్కన సముద్రం ఉంది, లంబసింగిలోనేమో రాత్రిపూట చల్లగాలి లోయలోకి జారి నిలిచిపోతుంది. లెక్క తప్పినచోటే భూగోళం మొదలు.

సైన్స్ మేడం: ఇక ముగ్గులు. సమరూపత గీయించడం అందరూ చేస్తున్నదే.

లెక్కల సార్: దాన్ని వదిలేద్దాం. "15 చుక్కలు 8 వరకు, సందు చుక్క" అంటారు కదా. మధ్య వరసలో 15, అటూ ఇటూ 14, 13 అలా 8 దాకా. మొత్తం ఎన్ని చుక్కలు? పిల్లలు ఒక్కోటి లెక్కపెట్టి 166, 171 అంటూ రకరకాలుగా చెబుతారు. అంకశ్రేఢి వేస్తే 15 కలుపు రెండు 77లు, 169. అదే ఎదురు చుక్కతో 15 నుంచి 1 దాకా పెడితే 15, 13, 11 అలా తగ్గుతూ మొత్తం 113. అది 8 వర్గం, 7 వర్గం కలిపితే వచ్చేదే. ముగ్గును 45 డిగ్రీలు తిప్పి చూడమంటే రెండు చతురస్రాలు ఒకదాంట్లో ఒకటి కనిపిస్తాయి.

సైన్స్ మేడం: మెలికల ముగ్గు?

లెక్కల సార్: అసలు రుచి దాంట్లోనే ఉంది. ఆరో తరగతి గ.సా.భా. పాఠం, అంటే గరిష్ఠ సామాన్య భాజకం. గళ్ల నోటుబుక్కులో రెండు గళ్లకో చుక్క పెట్టండి, 3 వరసలు, వరసకు 4. బయటి చుక్కలకు ఒక గడి అవతల చుట్టూ పెట్టె గీయండి, 8 గళ్ల వెడల్పు, 6 గళ్ల ఎత్తు. మూల చుక్కకు సూటిగా కింద, పెట్టె గీత మీద మొదలుపెట్టి, గళ్ల మూలల వెంట ఏటవాలుగా పోవాలి. చుక్కను తాకకూడదు, రెండు చుక్కల నడుమ నుంచే వెళ్లాలి. గోడకు తగిలితే క్యారమ్ బిళ్లలా తిరగాలి. 3, 4 చుక్కలకు చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో మొత్తం అయిపోయి మొదటి చోటికే వస్తుంది. 4, 6 చుక్కలకు రెండు గీతలు కావాలి. 4, 4కు నాలుగు. గీతల సంఖ్య ఎప్పుడూ ఆ రెండు అంకెల గ.సా.భా.యే.

సైన్స్ మేడం: ఎక్కడ తప్పుతారు?

లెక్కల సార్: మూల దగ్గర. గీత సరిగ్గా పెట్టె మూలలోకి వెళ్లిందంటే చుక్క మీదుగా పోతోందని అర్థం, మొదలే తప్పు. ఇంకోటి, ముగ్గు వేయడం అలవాటున్న పిల్లలు గోడ దగ్గర గుండ్రంగా తిప్పేస్తారు, అలా తిప్పినా ఫరవాలేదు, లెక్క మారదు. ఒక్కో గీతకు ఒక్కో రంగు చాక్‌పీసు ఇచ్చి ముందు 2, 3తో చేయించండి. 5, 7 దాకా కాగితం మీదే వేయించండి. నేల మీదకు వెళ్లేది ఆ తర్వాతే. అక్కడ చుక్కలు వంకరగా పడితే చుక్కల నడుమ సందులు కలిసిపోయి గీత దారి తప్పుతుంది, అందుకని ముందు దారం లాగి వరసలు గుర్తు పెట్టుకోవాలి.