సముద్రంలో నడిచిన గుర్రం: రెడ్ రమ్ కథ

అందరికీ నమస్కారం. రెడ్ రమ్ అనే గుర్రం గురించి మాట్లాడతానంటే ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది.

మనకు గుర్రప్పందేలంటే వెంటనే గుర్తొచ్చేది హైదరాబాద్ మలక్‌పేట. అక్కడ జరిగేవి ఫ్లాట్ రేసులు. చదునైన ట్రాక్ మీద రెండు మూడు నిమిషాల్లోపే తేలిపోతాయి. ఈ రోజు చెప్పబోయేది వేరే రకం పందెం. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ పక్కన ఏన్‌ట్రీ అనే చోట ఏటా జరిగే గ్రాండ్ నేషనల్. ఆ రోజుల్లో దాని దూరం ఏడు కిలోమీటర్లు దాటేది. దారిలో 30 కంచెలు దూకాలి. వాటిలో బీచర్స్ బ్రూక్ అని ఒకటి ఉంది. అక్కడ గుర్రం ఎగిరే చోటు కన్నా దిగే చోటు పల్లం. చీకట్లో మెట్లు దిగుతూ, అయిపోయాయనుకున్నాక ఇంకో మెట్టు తగిలితే గుండె ఎలా జారుతుందో మీకు తెలుసు కదా. వీపు మీద మనిషిని మోస్తూ, పరుగు మధ్యలో గుర్రానికి అలా జరుగుతుంది. ఈ రేసులో గుర్రాలు చనిపోయిన సంగతి నేను దాచను. తర్వాతి కాలంలో ఆ పల్లాన్ని తగ్గించారు, కంచెలు మార్చారు. రెడ్ రమ్ పరిగెత్తింది మాత్రం పాత కంచెల మీదే.

ఆ గుర్రం 1965లో ఐర్లండ్‌లోని కిల్కెన్నీ కౌంటీలో పుట్టింది. తల్లి పేరు మారెడ్, తండ్రి పేరు కోరమ్. ఇంగ్లీషులో ఇద్దరి పేర్ల (Mared, Quorum) చివరి మూడేసి అక్షరాలు కలిపి రెడ్ రమ్ అని పెట్టారు. వేలంలో 400 గినీలకు పోయింది (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ). ఎవరూ గొప్ప గుర్రమవుతుందని కొనలేదు. చిన్న చిన్న ఫ్లాట్ రేసుల కోసం కొన్నారు. విచిత్రం చూడండి, 1967లో దాని మొదటి రేసు జరిగింది ఏన్‌ట్రీలోనే. కిలోమీటరు దూరం పరుగు. ఇంకో గుర్రంతో సమానంగా గీత దాటింది.

ఆ తర్వాత ఐదేళ్లలో ఎందరో ట్రైనర్ల చేతులు మారింది. ఈలోగా కాలికి జబ్బు వచ్చింది. గిట్ట లోపలి ఎముక వాచిపోయే జబ్బు. గట్టి నేల మీద అడుగేస్తే నొప్పి. రేసు గుర్రానికి ఇది వచ్చిందంటే చాలావరకు దాని కథ ముగిసినట్టే.

ఇప్పుడు ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి. లివర్‌పూల్‌కు ఉత్తరాన సౌత్‌పోర్ట్ అనే ఊరు ఉంది. అక్కడ జింజర్ మెకేన్ అని ఒకాయన. టాక్సీ నడిపేవాడు, పాత కార్లు అమ్మేవాడు, కార్ల షోరూమ్ వెనకాల లాయంలో కొన్ని గుర్రాలు పెట్టుకుని ట్రైనింగ్ ఇచ్చేవాడు. ఆయన టాక్సీ ఎక్కే వాళ్లలో నోయెల్ ల మేర్ అనే పెద్దాయన ఒకరు. ఎనభై దాటాయి, డబ్బుంది, ఎప్పటి నుంచో ఒక కోరిక, గ్రాండ్ నేషనల్ గెలవాలి. టాక్సీలో మాటలు కలిశాయి. 1972 ఆగస్టులో డాన్‌కాస్టర్ వేలంలో ఆ పెద్దాయన కోసం మెకేన్ 6,000 గినీలు పెట్టి రెడ్ రమ్‌ను కొన్నాడు. కాలి జబ్బు సంగతి అప్పటికి వాళ్లకు తెలియదు.

పెద్ద ట్రైనర్లకు ఎకరాల కొద్దీ పచ్చిక ఉంటుంది. మెకేన్‌కు అలాంటి మైదానం లేదు. ఊరి పక్కన సముద్రం మాత్రం ఉంది. ఆటు సమయంలో సౌత్‌పోర్ట్ తీరంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి, తడి ఇసుక కనుచూపు మేర పరుచుకుంటుంది. గుర్రాల్ని రోడ్ల మీదుగా నడిపించుకుంటూ అక్కడికి తీసుకెళ్లేవాడు. కొత్త గుర్రాన్ని మొదటిసారి ఇసుక మీద నడిపిస్తే అది కుంటింది. మెకేన్ గుండె జారిపోయి ఉంటుంది. ముసలాయన డబ్బు, తన మాట మీద పెట్టిన డబ్బు! సముద్రంలోకి దింపమన్నాడు. చల్లటి ఉప్పునీళ్లలో కాళ్లు మునిగేలా కాసేపు నడిపించారు. బయటికొచ్చాక గుర్రం కుంటలేదు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. వాపు మీద చన్నీళ్లు పనిచేస్తాయని మన అమ్మమ్మలకూ తెలుసు. మెత్తటి ఇసుక గిట్టకు దెబ్బ తగలనివ్వదు, అలాగని కండను ఊరికే ఉండనివ్వదు. సౌకర్యం లేక వెళ్లిన చోటే దానికి వైద్యశాల అయింది. ఆ తర్వాత రోజూ అదే ఇసుక, అవే నీళ్లు.

ఇక 1973 నేషనల్. ఆ రేసు వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ ఓడిపోయిన గుర్రం మీదే కళ్లు పోతాయి. దాని పేరు క్రిస్ప్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పెద్ద నల్లటి గుర్రం. ఈ పందెంలో హ్యాండిక్యాప్ పద్ధతి ఉంటుంది. మేలైన గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. జాకీ (గుర్రాన్ని నడిపే మనిషి), జీను కలిసినా ఆ బరువు రాకపోతే సీసం ముక్కలు చేరుస్తారు. క్రిస్ప్ మీద 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మీద దాదాపు 66. పది కిలోల తేడా అంటే చిన్నదిగా అనిపిస్తుంది. పది కిలోల బియ్యం బస్తా వీపున కట్టుకుని ఏడు కిలోమీటర్లు పరిగెత్తి చూస్తే తెలుస్తుంది.

క్రిస్ప్ మొదట్లోనే ముందుకు దూసుకెళ్లింది. కంచెలన్నీ ఆటలా దూకింది. రెండో చుట్టుకి వచ్చేసరికి వెనక ఎవరూ దగ్గర్లో లేరు. చివరి కంచె దాటాక గీత దాకా 450 మీటర్ల దారి. అప్పటికి ఇంకా పదిహేను గుర్రాల పొడవు ముందుంది. అక్కడ దాని ఒంట్లో శక్తి అయిపోయింది. కాళ్లు తడబడ్డాయి, తాగినవాడిలా పక్కకు ఒరిగింది. కుడిచేత్తో కొరడా ఎత్తి గుర్రాన్ని పక్కకు పోనిచ్చిన తప్పు తనదేనని జాకీ రిచర్డ్ పిట్‌మన్ తర్వాత ఎన్నోసార్లు ఒప్పుకున్నాడు. వెనక బ్రయాన్ ఫ్లెచర్‌ను మోస్తూ రెడ్ రమ్ ఒక్క లయ తప్పకుండా వస్తూనే ఉంది. గీత కొన్ని అడుగుల దూరంలో ఉందనగా దాటేసింది. ముప్పావు పొడవు తేడా. 9 నిమిషాల 1.9 సెకన్లు. పాత రికార్డు కన్నా పద్దెనిమిది సెకన్లు తక్కువ.

చాలామంది బాధపడ్డారు. నిజమే, సమాన బరువుల మీద పరిగెత్తితే క్రిస్ప్‌దే పైచేయి. అదే ఏడాది నవంబరులో డాన్‌కాస్టర్‌లో అలా పరిగెత్తినప్పుడు క్రిస్పే గెలిచింది. అందుకే నేను 1973 కన్నా 1974ను పెద్దదిగా చూస్తాను. ఈసారి ఆ 12 స్టోన్లు రెడ్ రమ్ మీదే పెట్టారు. ఏడు పొడవుల తేడాతో గెలిచింది. మూడు వారాలకే స్కాట్లండ్ వెళ్లి అక్కడి గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది.

1975లో రెండో స్థానం, 1976లో రెండో స్థానం. ముసలిదైపోయింది, ఇక చాలు అన్నారు. 1977లో పన్నెండేళ్ల వయసులో మళ్లీ ఏన్‌ట్రీకి వచ్చింది. ఈసారి జాకీ టామీ స్టాక్. ఒకప్పుడు కొద్దికాలం దానికి ట్రైనర్‌గా కూడా ఉన్నవాడు. బీచర్స్ బ్రూక్ దగ్గర ముందున్న గుర్రం పడిపోయింది. అక్కడి నుంచి రెడ్ రమ్ ఒంటరిగా పరిగెత్తి 25 పొడవుల తేడాతో గీత దాటింది. మూడు గ్రాండ్ నేషనల్స్ గెలిచిన గుర్రం ఇంతవరకూ ఇంకొకటి లేదు. అంతకన్నా నాకు అబ్బురం అనిపించేది ఇంకొకటి ఉంది. దాదాపు వంద జంప్ రేసుల్లో కంచె దూకుతూ ఒక్కసారి కూడా కూలిపోలేదు. దూకే ముందు కంచెను చూసి, అడుగు సరిచేసుకుని, పక్కన పడిన గుర్రాన్ని తప్పించుకుని దిగేది. అది బలం మాత్రమే కాదు, తెలివి.

ఆ రోజుల్లో ఏన్‌ట్రీ స్థలం అమ్ముడై చేతులు మారింది. ఇదే ఆఖరి నేషనల్ అన్న మాట ఏటా వినబడేది. జనం మళ్లీ ఆ రేసు వైపు చూడటానికి పెద్ద కారణం ఈ గుర్రమే. 1978లో రేసు ముందు రోజు కాలి ఎముకలో సన్నటి పగులు బయటపడి విరమించింది. 1995లో ముప్పై ఏళ్ల వయసులో చనిపోతే ఏన్‌ట్రీలో విన్నింగ్ పోస్టు దగ్గరే పూడ్చిపెట్టారు.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. 1977 చివర్లో బీబీసీ వాళ్ల క్రీడా అవార్డుల కార్యక్రమానికి రెడ్ రమ్‌ను స్టూడియోలోకి తీసుకొచ్చారు. లైట్లు, కెమెరాలు, సూట్లు వేసుకున్న జనం. టామీ స్టాక్ అక్కడ లేడు. వేరే ఊళ్లో ఉన్నాడు. టీవీ లింకు ద్వారా మాట్లాడాడు. స్పీకర్లోంచి ఆ గొంతు వినగానే గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. తల తిప్పి, ఆయన ఎక్కడున్నాడా అని స్టూడియో అంతా వెతికింది.