ముందు పంచరు, తర్వాతే పానా

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో సైకిల్ బాగుచేసుకోవాలనుకునేవాళ్లు మొదట చేసే పని, పానాలన్నీ కలిపి అమ్మే పెద్ద పెట్టె కొనెయ్యడం. ఆ పెట్టె వద్దు. అందులో సగం పానాలు మీ సైకిల్లో ఏ నట్టుకీ సరిపోవు. సరిపోయేవి కూడా నాసిరకం ఇనుమైతే గట్టిగా తిప్పగానే నోరు విచ్చుకుని, నట్టు మూలల్ని అరగదీస్తాయి. ముందు పని చూసుకోండి, పనిముట్టు తర్వాత. మొదట వచ్చే పని ఎలాగూ పంచరే.

సైకిల్ షాపులో గమనించే ఉంటారు, మామూలు పంచరుకు చక్రం విప్పరు. అంటే పానాతో పనే లేదు. టైరు అంచు లేపే పట్టీలు, అంటే టైరు లివర్లు, రెండు, ప్యాచీలు, వాటిని అంటించే జిగురు, అంటే సొల్యూషన్, చిన్న ట్యూబు, గరుకు కాగితం ముక్క, పంపు, బకెట్లో నీళ్లు. ఇంతే.

సైకిల్ తలకిందులుగా నిలబెట్టండి. గాలి పూర్తిగా తీసెయ్యండి. టైరు అంచును రెండు వైపులా రిమ్ము మధ్యలోని పల్లంలోకి నొక్కుకుంటూ వస్తే టైరు వదులవుతుంది. వాల్వుకు ఎదురుగా, అంటే చక్రానికి అవతలి చివర, ఒక లివరు దూర్చి అంచు పైకి లేపండి, జానెడు దూరంలో రెండోది. స్క్రూడ్రైవర్ వద్దు. మళ్లీ చెబుతున్నాను, స్క్రూడ్రైవర్ వద్దు. దాని మొన ట్యూబుకు రెండో చిల్లు పెడుతుంది.

ట్యూబు బయటికి లాగి, కాస్త గాలి కొట్టి, కొంచెం కొంచెంగా నీళ్లలో ముంచండి. బుడగలు వచ్చినచోట పెన్నుతో గుర్తు పెట్టి, గాలి తీసి, తడి తుడవండి. ట్యూబు నునుపు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దండి. సొల్యూషన్ పలచగా, ప్యాచీ కన్నా వెడల్పుగా రాయండి. ఇక ఆగండి. తడి మెరుపు పోవాలి, దాదాపు ఐదు నిమిషాలు. తొందరపడి తడిమీద అంటిస్తే ప్యాచీ అంచులు లేస్తాయి. ఇంట్లో వేసిన ప్యాచీ ఊడిందంటే చాలాసార్లు తప్పు సొల్యూషన్‌ది కాదు, ఈ ఐదు నిమిషాలది. ఆరాక ప్యాచీ వేసి, నడుమ నుంచి అంచులకు బొటనవేలితో గట్టిగా నొక్కండి.

ట్యూబుకు చిల్లు పడిన చోటే టైరు లోపల ఇంకా తుమ్మముల్లో, పల్లేరుకాయ ముల్లో ఉండొచ్చు. వేలితో కాదు, గుడ్డతో టైరు లోపలంతా తుడవండి. గుడ్డ పట్టుకున్నచోట ముల్లుంటుంది. దాన్ని తీయకపోతే చేసిన పనంతా వృథా.

ట్యూబు లోపలికి పెట్టేటప్పుడు కొద్దిగా గాలి ఉంచండి, మడత పడదు. అంచు ఎక్కించడం వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. చివరి జానెడు బొటనవేళ్లతోనే ఎక్కించాలి. లివరుతో తోస్తే ట్యూబు నలుగుతుంది.

పంపు కొనేముందు మీ వాల్వు చూడండి. పాత నల్ల సైకిళ్లకు లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉండే వాల్వు, చాలా కొత్తవాటికి మోటార్‌సైకిల్ లాంటిది. పంపు మూతి దానికి పట్టాలి. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

ఇక పానాలు, టైరో ట్యూబో మార్చాల్సి వచ్చినప్పుడు. గేర్ల సైకిళ్లలో వెనక చక్రం నట్టు ఎక్కువగా 15 మిల్లీమీటర్లు. ముందుది వేరే కొలత కావచ్చు, రెండూ కొలిచి నట్టును చుట్టూ పట్టే మంచి రింగు పానాలే కొనండి. హ్యాండిల్‌కూ సీటుకూ అలెన్ బోల్టులు, అంటే తలలో ఆరు పలకల గుంట ఉన్నవి, ఉంటే 4, 5, 6 మిల్లీమీటర్ల కీలు సాధారణంగా చాలు. పెడల్‌కు 15 మిల్లీమీటర్లదే, కాని సన్నటి పానా కావాలి. మందమైనది సందులో దూరదు. కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది. ఎడమ పెడల్‌కు మర ఎదురు, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వస్తుంది.