కడప పిల్లలకు మేపుల్ ఆకు ఎందుకప్పా?

అందరికీ నమస్తే. దసరా సెలవులొస్తే చాలు, ఈ మధ్య మన కడపలో కూడా ‘ఫారెస్ట్ స్కూల్ క్యాంపు’ అని, అంటే పిల్లలకు ఆరుబయట చెట్ల మధ్య నేర్పే శిబిరమని, కరపత్రాలు పంచుతున్నారు. ఒకటి నా చేతికీ వచ్చింది. ఏ బడి వాళ్లదో చెప్పను, మంచి ఉద్దేశంతోనే వేసుంటారు. దాని మీద బొమ్మ ఏంటంటే, ఎర్రగా పండి రాలుతున్న, చలిదేశాల మేపుల్ చెట్టు ఆకులు, రెయిన్‌కోటు వేసుకున్న తెల్లజుట్టు పాప. కింద ‘రాలిన ఆకులు ఏరి పుస్తకంలో అతికించాలి’ అని ఒక పని.

అక్టోబరులో మన దగ్గర ఆకులెక్కడ రాలతాయి సామీ? పాలకొండలు ఏడాదంతటికీ పచ్చగా కనపడేదే ఈ రెండు నెలలు. తంగేడు విరగబూసి ఉంటుంది. సీతాపండ్లు గంపల్లో రోడ్డు పక్కకొచ్చి ఉంటాయి. మనకు ఆకు రాలేది శివరాత్రికి అటూ ఇటూ. ఎర్రచందనం మోడై నిలబడేదీ అప్పుడే. ఆకులు ఏరే పని కావాలంటే ఫిబ్రవరిలో పెట్టుకోండి, ఎన్ని కావాలంటే అన్ని.

ఫారెస్ట్ స్కూల్ అనేది చెడ్డదని నేననడం లేదు. డెన్మార్క్‌లో చిన్నపిల్లల్ని రోజూ ఆరుబయట ఆడించే పద్ధతి ఉంది. 1993లో ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్లు పోయి చూసొచ్చి, తమ దగ్గర మొదలుపెట్టారు. అక్కణ్ణించి చాలా దేశాలకు పాకింది. అందులో అసలు సంగతి ఏంటంటే, అది ఒక్కరోజు పిక్నిక్ కాదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ పోవాలి. ఏం చూడాలో పిల్లోళ్లే తేల్చుకోవాలి, పెద్దోళ్లు పక్కన నిలబడాలి. మనవాళ్లు ఇది వదిలేసి ఆకుబొమ్మ పట్టుకొచ్చారు.

పోనీ, ఎక్కడికి పోవాలి? రిజర్వు ఫారెస్టులోకి మాత్రం వద్దు. అనుమతి లేకుండా పోకూడదు. పైగా ఎర్రచందనం కొండల్లో గుంపుగా తిరిగితే మీకు పాఠం చెప్పేది ఫారెస్టు వాళ్లే. ఊరి చెరువు కట్ట, పాత బావి, మామిడి తోపు, ఇవి చాలు. బావి మీదికి వంగిన ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో గిజిగాడి గూళ్లుంటాయి. ఈ కాలానికి వాటి సంసారాలు అయిపోవస్తాయి. ఖాళీ గూళ్లు గాలికి రాలి కిందపడి ఉంటాయి. వాటిలో కొన్ని సగం అల్లి వదిలేసినవి, టోపీ మాదిరిగా ఉంటాయి. పిల్లోళ్లను అడగండి, ఎందుకు వదిలేసిందో. వాన అంటారు, పాము అంటారు. జవాబేంటంటే, మగపిట్ట సగం అల్లి చూపిస్తుంది, ఆడపిట్టకు నచ్చకపోతే అది అట్లే ఉండిపోతుంది. గూడు లోపల వేలు పెట్టి తడిమితే ఎండిన మట్టి ముద్దలు తగలతాయి. ఎందుకు పూసిందో మీరు చెప్పొద్దు. కాసేపు కొట్లాడుకోనీండి.

ఇప్పుడు అసలు పాఠం. ఇది మన కడప గడ్డ మీది నుంచే తీసుకున్నా. కలివికోడి పేరు వినుంటారు. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట. 1986 జనవరిలో మన జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికింది భరత్ భూషణ్ గారు. పిట్టను పట్టిచ్చింది మాత్రం ఐతన్న అనే ఇక్కడి వేటగాడు. శాస్త్రం లేదన్న పిట్ట ఏ పొదల్లో తిరుగుతుందో ఆయనకు తెలుసు. అది రాత్రి పూట తిరిగేది, కంటికి దొరకదు. అందుకని తర్వాత వచ్చిన పరిశోధకులు లంకమల అడవిలో జల్లించిన మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, దాని మీద పడిన అడుగుల్ని బట్టి వెతికారు.

ఆ పనే మన పిల్లోళ్లూ చేయొచ్చు. చెరువు కట్ట కింద, మేకలు తొక్కని చోట, ఒక మూర వెడల్పు, నాలుగైదు మూరల పొడవు నేల చదును చేసి, మట్టి జల్లించి, అరచేత్తో నున్నగా దిద్దాలి. సాయంత్రం పరిచి పొద్దున్నే చూడాలి. ఎండ పక్క నుంచి పడేటప్పుడే జాడ బాగా కనపడుతుంది, తొమ్మిది దాటితే చెరిగినట్టుంటుంది. నాటుకోడి అయితే ముందుకు మూడు వేళ్లు, వెనక్కొకటి. కలివికోడికి ఆ వెనక వేలు లేదు. అది మన చెరువు కట్టకు వస్తుందని ఆశ పెట్టొద్దు, కానీ తేడా ఏంటో పిల్లోళ్లకు తెలియాలి కదా. ఉడుము పోతే నడిమధ్యన తోక గీత పడుతుంది. జాడలు గీసిన కాగితం మీద తేదీ వేయించండి. వారం వారం అదే చోట చేస్తేనే దీనికి విలువ.

గుర్తుపట్టేదెవరు? సైన్సు మాస్టరు కాదు, గొర్లు కాసే మామే. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వాళ్లకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి దగ్గర పని నేర్పమంది. ఆ వరసలో గొర్ల మామనూ కూర్చోబెట్టండి, కూలి కూడా ఇవ్వండి. ఊరికే ఎవరూ పాఠం చెప్పరు.

జాగ్రత్తలు రెండు. రక్తపింజరి, చిన్న పింజరి, నాగు, కట్లపాము, నాలుగూ మన సీమలో ఉన్నాయి. బూట్లు లేనిదే ఎవర్నీ పిలుచుకుపోవద్దు, రాయి కింద చెయ్యి పెట్టనీయొద్దు. కరిస్తే కోయడాలు, బిగించి కట్టడాలు, నాటుమందులు ఏమీ వద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి. ఇక వంక, అదే వాగు. మన మీద ఎండ కాస్తున్నా కొండ మీద వాన పడితే వంక వచ్చేస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగి రాజంపేట దగ్గర ఊళ్లకు ఏమైందో మనం చూసినాం. కొండకు మబ్బు పట్టిందంటే ఇసకలో చెలిమ తవ్వే ఆట ఆ రోజుకు బంద్.

జల్లెడ మాత్రం వేరేది కొనుక్కోండి. వంటింట్లోది ఎత్తుకుపోతే మీ ఇంట్లో వాళ్లు నన్ను తిడతారు.