సూపర్‌వైజర్ కూడా పని చేస్తే తప్పేంటి?

నమస్తే. మొన్న ఉప్పల్‌లో మా చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. అమెరికాలో పోస్టాఫీసులో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు కూడా వచ్చాడు. వాళ్ల ఆఫీసులో సూపర్‌వైజర్ రెండు గంటలు కూర్చుని ఉత్తరాలు సార్టింగ్ చేశాడట, యూనియన్ వాళ్లు ఫిర్యాదు పెట్టారట. భోజనాల దగ్గర అందరూ ఒకటే నవ్వు. "పని చెయ్యకపోతే అడగాలి గానీ, చేస్తే అడుగుతారేంట్రా!" అన్నాడు మా బాబాయి. ఈ మాట నేను బాలానగర్‌లో విన్నాను, జీడిమెట్లలో విన్నాను, పటాన్‌చెరులో విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకో చెప్తాను.

ఒక ఇరానీ హోటల్ అనుకుందాం. గల్లా మీద ఒకాయన. చాయ్ అందించే వాళ్లు నలుగురు. సాయంత్రం నాలుగున్నరకు ఒక్కసారిగా జనం వచ్చారు. గల్లా ఆయన లేచి, రెండు కప్పులు పట్టుకెళ్లి మూల టేబుల్ మీద పెట్టాడు. తప్పా? కాదు. మంచి మనిషి అంటాం.

మర్నాడూ లేచాడు. ఆ తర్వాత రోజూ లేచాడు. నెల తిరిగేసరికి నాలుగు నుంచి ఆరు దాకా చాయ్ అందించడం ఆయన రోజువారీ పనైపోయింది. ఒకటో తారీఖున ఓనర్ లెక్క చూసుకున్నాడు. "ముగ్గురితో నడుస్తోంది కదా, నాలుగో మనిషెందుకు?" ఆ నాలుగో మనిషి మీద ఎవరికీ కోపం లేదు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఆయన ఉద్యోగం రెండేసి కప్పుల చొప్పున జారిపోయింది, అంతే.

యూనియన్ అడ్డుపడేది ఆ మొదటి రెండు కప్పులకు కాదు. రోజూ లేవడానికి.

అమెరికా పోస్టల్ శాఖకూ యూనియన్లకూ ఉన్న ఒప్పందంలో ఈ గీత చాలా స్పష్టంగా ఉంది. యూనియన్ పరిధిలోని ఉద్యోగులు 100 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసుల్లో సూపర్‌వైజర్ వాళ్ల పని చెయ్యకూడదు. ఐదు సందర్భాల్లో మాత్రం చెయ్యొచ్చు. అత్యవసరం వచ్చినప్పుడు. ఉద్యోగికి పని నేర్పేటప్పుడు. యంత్రం సరిగ్గా నడుస్తోందో లేదో చూసేటప్పుడు. ఉద్యోగుల ప్రాణాలకు ముప్పు ఉన్నప్పుడు. శాఖ ఆస్తికి ముప్పు ఉన్నప్పుడు. మన హోటల్‌లో పెట్టి చూడండి. కొత్తగా చేరిన కుర్రాడికి ఆరు సాసర్లు ఒక చేత్తో ఎలా పట్టుకోవాలో గల్లా ఆయన చూపించాలా, వద్దా? చూపించాలి. సమోవర్ నుంచి వేడినీళ్లు కారి ఎవరి కాలో కాలేట్టుంటే లేవాలా, వద్దా? పరుగెత్తాలి.

ఇక అత్యవసరం. అసలు గొడవంతా ఈ మాట దగ్గరే. ఆ ఒప్పందంలో దీనికి అర్థం కూడా రాసుకున్నారు. ముందుగా ఊహించలేనిది, వెంటనే ఏదో ఒకటి చెయ్యక తప్పనిది, మళ్లీ మళ్లీ వస్తుందని అనుకోలేనిది. ఈ మూడోది నాకు చాలా ఇష్టం. నాలుగున్నరకు చాయ్ రద్దీ రోజూ వస్తుంది. ఈ హైదరాబాద్‌లో అది సూర్యోదయమంత ఖాయం! రోజూ వచ్చేది అత్యవసరం ఎలా అవుతుంది? దానికి కావాల్సింది ఐదో మనిషి.

మరి రెండు టేబుళ్ల చిన్న హోటల్ సంగతి? అక్కడ గల్లా ఆయనే చాయ్ కూడా పోస్తాడు. ఒప్పందంలో దానికీ చోటుంది. 100 కంటే తక్కువ మంది ఉన్న ఆఫీసుల్లో, సూపర్‌వైజర్ పోస్టు విధుల్లో ఆ పని ముందే రాసి ఉంటే చెయ్యొచ్చు. అంటే యూనియన్ వాళ్లు మొండివాళ్లేం కాదు. ఉల్లంఘన తేలితే సాధారణంగా అడిగేది కూడా సూపర్‌వైజర్‌కు శిక్ష కాదు, పని గంటలు పోగొట్టుకున్న ఉద్యోగికి ఆ గంటల జీతం.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన విషయం కాదు. మా నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆదివారం ఓటీ (ఓవర్‌టైమ్) దొరికితే ఆ నెల మా స్కూల్ ఫీజు టెన్షన్ ఉండేది కాదు. ఒక ఏడాది నుంచి ఆదివారాలు షిఫ్ట్ ఇన్‌ఛార్జే మెషీన్ నడపడం మొదలుపెట్టాడు. ఎందుకంటే ఫ్యాక్టరీ కార్మికుడికి ఓటీ ఇస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి. సూపర్‌వైజర్ పోస్టులకు సాధారణంగా ఆ రూల్ వర్తించదు. ఆ ఇన్‌ఛార్జ్ మంచివాడే. ఆయనకూ ఆదివారం పోయింది, ఆయనకూ పిల్లలున్నారు. నష్టం ఇద్దరిదీ. సూపర్‌వైజర్‌ను తిట్టే యూనియన్ మిత్రులకు ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

మరి ఇది ఏ చట్టంలో ఉంది? సూపర్‌వైజర్ పనిముట్టు పట్టుకోకూడదని చెప్పే చట్టం అమెరికాలో లేదు, మన దగ్గరా లేదు. ఉంటే ఒప్పందంలోనే ఉండాలి. చట్టం చెప్పేది ఎవరు కార్మికుడు, ఎవరు కాదు అన్నదే. నాకు భలే ఆశ్చర్యం అనిపించే సంగతి, రెండు దేశాల్లోనూ ఈ విషయంలో ముఖ్యమైన చట్టాలు 1947లోనే వచ్చాయి. అమెరికా వాళ్లు అధికారం చూసి గీత గీశారు, పని అప్పగించడం, ఉద్యోగం ఇవ్వడం, తీసెయ్యడం లాంటివి. మనం సూపర్‌వైజర్ విషయంలో జీతం కూడా చూస్తాం. 1956లో నెలకు 500 రూపాయలు, 2010లో 10,000. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 18,000. ఆ జీతం దాటని సూపర్‌వైజర్ కూడా చట్టం దృష్టిలో కార్మికుడే.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను. మీ ఫ్యాక్టరీలో యూనియన్ ఉంటే పాత సెటిల్‌మెంట్, అంటే యాజమాన్యంతో కుదిరిన ఒప్పందం, కాపీ అడిగి తీసుకోండి. అందులో సూపర్‌వైజర్ కార్మికుల పని చెయ్యకూడదనే క్లాజు లేకపోతే వచ్చే చార్టర్ ఆఫ్ డిమాండ్స్‌లో, అంటే యూనియన్ ఇచ్చే కోర్కెల పత్రంలో, పెట్టించండి, "అత్యవసరం" అంటే ఏంటో కూడా రాయించండి. లేబర్ ఆఫీసర్ ముందు కన్సిలియేషన్‌లో (రాజీ చర్చల్లో) కుదిరిన సెటిల్‌మెంట్ అయితే యూనియన్‌లో లేని వాళ్లకూ, రేపు చేరబోయే వాళ్లకూ వర్తిస్తుంది. దాన్ని అమలు చెయ్యకపోవడం చట్టం దృష్టిలో అన్యాయమైన పద్ధతి.

ఇంకొకటి. గల్లా ఆయన అని పేరు పెట్టి, రోజంతా చాయ్ మోయిస్తే? మన ఊళ్లో ఇది చాలా ఎక్కువ. సూపర్‌వైజర్ అని, ఎగ్జిక్యూటివ్ అని లెటర్ ఇస్తారు, పని మాత్రం మెషీన్ మీదే. పోస్టు పేరు కాదు, ప్రధానంగా చేసే పని ఏంటో చూడాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 1969లో ఆనంద్ బజార్ పత్రిక కేసులో కింద కొద్దిమంది ఉన్నా ఆ ఉద్యోగి చేసేది ప్రధానంగా గుమాస్తా పనే అని తేల్చింది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఏ మెషీన్, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరు నడిపారు, ఆ రోజు ఓటీకి సిద్ధంగా ఉన్నదెవరు. రోజుకు ఒక్క లైన్ చాలు. ఈ ఆదివారం నుంచే మొదలుపెట్టండి.