సముద్రం దాటాలంటే ఏ విమానం కొనాలి?

అందరికీ నమస్తే. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్, అదే మన సిమ్, గురించి ఈ మాటలు. చిత్తూరు తమ్ముడొకడు పోయిన వారం అడిగినాడు: "అన్నా, సిమ్‌లో లండన్ నుంచి న్యూయార్క్ పోవాలని ఆశ. పీఎండీజీ 777 కొనేదా, ఐనీబిల్డ్స్ ఏ350 కొనేదా?" అని. పీఎండీజీ, ఐనీబిల్డ్స్ అంటే సిమ్ కోసం విమానాలు చేసి అమ్మే కంపెనీలు. డబ్బు కట్టకముందే అడిగినావు, మంచి పని చేసినావు తమ్ముడూ.

అలిపిరి మెట్లెక్కినోళ్ళకు తెలుసు. గాలిగోపురం దాకా ఆయాసం, చివర్లో మోకాళ్ళమెట్టు. ఆ రెంటి మధ్య ఎంతసేపు నడిచినా తరగని దారి ఒకటుంది. సముద్రం మీద ప్రయాణం అచ్చం ఆ దారే. వీడియోల్లో టేకాఫ్, ల్యాండింగ్ చూసి మనసు పారేసుకుంటాం, కానీ ఐదారు గంటలు కూర్చునేది ఎఫ్ఎంసీ ముందర, అంటే దారీ ఇంధనమూ లెక్కగట్టే విమానం కంప్యూటర్ ముందర. నేను విమానాన్ని పరీక్షించేది అక్కడే.

మొట్టమొదట రూట్‌లో 5020ఎన్ అని కొట్టి చూడు. 50 డిగ్రీల ఉత్తరం, 20 డిగ్రీల పడమర అని దానర్థం. తర్వాత హెచ్5020 కొట్టు. అది 50 డిగ్రీల 30 నిమిషాలు. రెంటికీ తేడా అర డిగ్రీ, అంటే 30 నాటికల్ మైళ్ళు. ఈ పొట్టి పేర్లు కాకుండా అంకెలన్నీ కొడితే, చాలా ఎఫ్ఎంసీల్లో పేరు ఏడక్షరాలకే ఆగిపోతుంది కాబట్టి తెర మీద రెండూ ఒకేలా కనిపించొచ్చు. అందుకే నిజం పైలట్లు పూర్తి అక్షాంశ రేఖాంశాలు తెరిచి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూస్తారు. విమానం ఆ పూర్తి అంకెలు చూపిస్తుందా లేదా? చూపించకపోతే నేను కొనను.

రెండోది ఇంధనం. రెండేళ్ళ కింద తక్కువ ధరకు వస్తోందని ఒక పెద్ద విమానం కొన్నాను, చేసినోళ్ళ పేరు వద్దులే. అందులో గాలుల పేజీ ఉంది కానీ, మనం ఎక్కించిన గాలులు లెక్కలోకే రావు. ఎదురుగాలిలో 40 పడమర దాటేసరికి ప్లాన్‌కంటే 4 టన్నులు తక్కువ. తెల్లవారుజామున మూడింటికి కెనడా తూర్పు అంచున ఉన్న గాండర్‌లో దించేసినాను. ఆ రాత్రి పడిన బాధ ఇంకా గుర్తుంది.

అప్పటినుంచి నోట్‌బుక్ పక్కనే పెట్టుకుంటాను. పాయింటు దాటిన ప్రతిసారీ టైమూ, మిగిలిన ఇంధనమూ రాసి, సింబ్రీఫ్ అనే వెబ్‌సైటు ఇచ్చిన ప్లాన్‌తో పోల్చుకుంటాను. పది నిమిషాలాగి, విమానం గీత మీదే ఉందా అని మళ్ళీ చూస్తాను. 777-300ఈఆర్ గంటకు సుమారు 7 నుంచి 8 టన్నులు తాగుతుంది. పీఎండీజీ దాంట్లో నా లెక్కకూ ప్లాన్‌కూ తేడా కొన్ని వందల కిలోలు దాటలేదు. బరువు తగ్గేకొద్దీ ఇంకా పైకి ఎప్పుడు ఎక్కాలో కూడా అదే చెబుతుంది. దారికి కుడిపక్క ఒకటో రెండో మైళ్ళు జరగడానికి ఆఫ్‌సెట్ కూడా బాగా పనిచేస్తుంది.

కాబట్టి ఎమ్ఎస్ఎఫ్ఎస్‌లో, అదే మైక్రోసాఫ్ట్ సిమ్‌లో, నా ఓటు 777కే. 2024 జూన్‌లో వచ్చిన 300ఈఆర్ తీసుకో. ఏ350 బాలేదని కాదు. 2025 ఫిబ్రవరిలో వచ్చింది. పెద్ద తెరలు, వాటి మీద కర్సర్‌తో పని, చూడ్డానికి కన్నుల పండుగ. కానీ సముద్రం మీద పద్ధతి నేర్చుకోవాలంటే 777లో ప్రతి అడుగూ నీ చేత్తో వేస్తావు.

ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్ వాడేవాళ్ళకు టోలిస్ కంపెనీ ఏ340-600 ఉంది. నాలుగు ఇంజన్లు కాబట్టి, ప్రత్యేక అనుమతి లేకుంటే దిగే చోటికి 60 నిమిషాల దూరం దాటొద్దని రెండింజన్ల విమానాలకుండే నియమం దానికి లేదు. దారి గీసుకోవడం తేలిక.

ఇంకొక్క మాట. మా వీధిలో వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఏడు గంటల ప్రయాణంలో ఆరో గంట దగ్గర పోతే ప్రాణం ఉసూరుమంటుంది. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. దారి మధ్యలో విమానం పరిస్థితిని సేవ్ చేసుకోవచ్చో లేదో కొనేముందే అడుగు.

అసలు తమ్ముడూ, ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. సిమ్‌తో వచ్చే పెద్ద విమానం ఏదైనా తీసుకుని ఐర్లాండ్‌లోని షానన్ నుంచి గాండర్‌కు పో. నాలుగు గంటల చిల్లర, ఉన్నదంతా సముద్రమే. రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి లేస్తే రెండుకల్లా దిగిపోతావు. 30 పడమర దాటేటప్పుడు సముద్రం తూర్పు సగం చూసుకునే షాన్విక్ కంట్రోల్ నిన్ను గాండర్ కంట్రోల్‌కు అప్పజెబుతుంది. అక్కడ నీ నోట్‌బుక్‌లో ఏం అంకెలున్నాయో నాకు రాసి పంపు, 777 సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.