అమ్మ చేతిలో నా పాస్

నా వెనక ఆగి ఉన్న పసుపు రైలు యూ2 అనే మెట్రో లైనుది. నేనిప్పుడు బెర్లిన్‌లో అలెక్సాండర్‌ప్లట్స్ స్టేషన్‌లో ఉన్నాను. పోయిన వేసవిలో ఈ లైనులోనే మా అమ్మకు జరిమానా పడింది. అమ్మానాన్నలను ఇక్కడికి పిలిపించుకుంటున్న వాళ్లు నాలాగా చేయకూడదనే ఈ వీడియో.

ఆ రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. పాస్ ఊరికే పడి ఉంది కదా అని, నా డాయిష్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్ రైళ్లు, బస్సుల్లో తిరిగే నెలవారీ పాస్) కార్డు అమ్మకిచ్చి పొరుగింటి ఆంటీతో పంపాను. ఎక్కిన కాసేపటికే మామూలు దుస్తుల్లో ఉన్న ఇద్దరు లేచి టికెట్లు అడిగారట. కార్డును యంత్రం దగ్గర పెడితే నా పేరు వచ్చింది. గుర్తింపు పత్రం అడిగితే అమ్మ తన పాస్‌పోర్టు తీసి చూపించింది. 60 యూరోలు. డబ్బు పోతే పోయింది. భాష తెలియని చోట, అంతమంది ముందు నిలబడి అమ్మ ఫోనులో "నేనేమి తప్పు చేశానమ్మా?" అని అడిగింది. తప్పు పూర్తిగా నాది.

ఈ టికెట్ మీద ఎవరి పేరు ఉంటే వాళ్లే ప్రయాణించాలి. మనం ఇంట్లోనే ఉన్నా, భర్త పాస్ భార్య వాడినా కుదరదు. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఏటా 300 కోట్ల యూరోలు భరిస్తున్నందువల్లే ఒక మనిషి దేశమంతా ఇంత తక్కువకు తిరగగలుగుతున్నాడు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన టికెట్ 2026 జనవరి నుంచి 63 అయింది.

"తర్వాత పాస్ చూపిస్తే 7 యూరోలతో పోతుంది" అని చాలామంది ధైర్యం చెబుతారు. అది తన పాస్ ఇంట్లో మరిచిపోయిన వాళ్లకే. అమ్మకు అసలు పాసే లేదు కదా!

ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు వాడుకోవాలంటే బెర్లిన్‌లో ఉమ్‌వెల్ట్‌కార్టె అనే నెలవారీ పాస్ ఉంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. పనిరోజుల్లో రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 వరకు, శని ఆదివారాల్లో రోజంతా, అదే పాస్ మీద ఇంకొక పెద్దవారినీ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను ముగ్గురి వరకూ వెంట తీసుకువెళ్లవచ్చు. డాయిష్‌లాండ్ టికెట్‌లో ఈ వెసులుబాటు లేదు. ఆరేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఎలాగూ టికెట్ అక్కరలేదు.

మరుసటి నెలకు అమ్మ పేరు మీదే డాయిష్‌లాండ్ టికెట్ తీసుకున్నాం. ఇది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. ఒక నెలతో ఆపాలంటే అదే నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, ఈ తేదీ తప్పకుండా రాసిపెట్టుకోండి. కార్డు రాగానే అమ్మ దాని మీద తన పేరు రెండుసార్లు చదువుకుంది. ఆ తర్వాత ఒకరోజు ఇదే రైలులో తనిఖీకి వస్తే, వాళ్లు మా సీటు దగ్గరికి చేరకముందే కార్డూ పాస్‌పోర్టూ తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది.