షెరింగ్‌హామ్‌లో సూపర్‌మార్కెట్ తగాదా

శ్రోతలకు నమస్కారం. పేటలోకి పెద్ద సూపర్‌మార్కెట్ వస్తుందన్నా, ఉన్నది మరింత విస్తరిస్తుందన్నా చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరం చెప్పడం ఏ దేశంలోనైనా ఉన్నదే. అటువంటి తగాదాల్లో నాకు బాగా నచ్చిన ఒక్కదాన్ని గురించి ఈ పూట మాట్లాడతాను.

ఇంగ్లండులో, ఉత్తర సముద్రపు ఒడ్డున, నార్ఫోక్ ప్రాంతంలో షెరింగ్‌హామ్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా సుమారు 7,000. పీతల వేటకూ వేసవి విహారానికీ పేరుపడిన ఊరు. ఆ ఊళ్లో అంగడి పెట్టాలని టెస్కో అనే సూపర్‌మార్కెట్ల కంపెనీ 1996లో ఆలోచన మొదలుపెట్టింది. ఆ అంగడి తలుపులు తెరుచుకున్నది 2013లో. మధ్యలో గడిచిన పదిహేడేళ్లూ ఊరు రెండుగా చీలి వాదించుకుంది.

వ్యతిరేకించిన వాళ్లు స్కామ్‌రాడ్ అనే సంఘంగా ఏర్పడ్డారు. వీధిలోని చిన్న కొట్లు మూతపడతాయని, లారీల రాకపోకలతో రోడ్లు ఇరుకవుతాయని వారి భయం. అనుకూలురూ తక్కువేం లేరు. వారానికి సరిపడా సరుకుల కోసం పక్కనున్న క్రోమర్ పట్టణానికి కారు వేసుకుని వెళ్లవలసి వస్తోందని, కారు లేని వృద్ధుల సంగతేమిటని వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదేనని నాకనిపిస్తుంది. పెద్ద అంగడి వద్దనేవాళ్లందరూ మంచివాళ్లనీ, కావాలనేవాళ్లందరూ కంపెనీ మనుషులనీ అనుకుంటే ఈ తగాదా మనకు అర్థం కాదు.

ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. బ్రిటన్ ప్రణాళికా చట్టం కింద ఒక దుకాణం వల్ల మరో దుకాణానికి బేరం తగ్గుతుందన్నంత మాత్రాన అనుమతి నిరాకరించరు. ఊరి నడిబొడ్డు మొత్తంగా దెబ్బతింటుందని చూపించగలిగితేనే ఆ మాట చెల్లుతుంది. షెరింగ్‌హామ్ వాసులు ఆ సంగతి గ్రహించి, ఫలానా కొట్టు మునుగుతుందని కాక, బజారు మొత్తం బలహీనపడుతుందని వాదించారు. స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది; కంపెనీ అప్పీలు చేసుకుంటే, బహిరంగ విచారణ జరిపిన ప్రణాళికా ఇన్‌స్పెక్టరు 2008లో దాన్ని కొట్టివేశారు.

అంతటితో కథ ముగియలేదు. ఒక స్థానిక భూస్వామి, పర్యావరణానికి అనువైన మరో సూపర్‌మార్కెట్ పథకంతో ముందుకు వచ్చాడు. 2010లో కౌన్సిల్ మొదట ఆయన పథకం వైపు మొగ్గి, అదే ఏడాది మళ్లీ విచారించి టెస్కోకు అనుమతినిచ్చింది. సూపర్‌మార్కెట్ కావాలా వద్దా అన్న ప్రశ్న ఏ సూపర్‌మార్కెట్ కావాలన్న ప్రశ్నగా మారిపోయింది. ఆ మార్పు దగ్గరే వ్యతిరేకుల పట్టు జారిందని నా అభిప్రాయం, ఎందుకంటే ఊరి కేంద్రానికి దగ్గరగా ఉన్న స్థలానికి ప్రాధాన్యమివ్వాలన్నది అక్కడి ప్రణాళికా సూత్రం, భూస్వామి స్థలమేమో ఊరి అంచున ఉంది. ఇన్నేళ్లూ తమను కాపాడిన వాదమే, నడిబొడ్డును కాపాడాలన్న వాదమే, చివరకు అవతలి పక్షానికి ఉపయోగపడింది.

మన పట్టణాల్లో చట్టం వేరు, వాదించే పద్ధతి వేరు. అయినా ఒక్క విషయం మనకూ పనికివస్తుంది. నివాస ప్రాంతపు స్థలాన్ని వాణిజ్య వినియోగానికి మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరుతూ ప్రకటన వెలువడుతుంది. చిన్న అక్షరాల్లో ఉండే ఆ ప్రకటనను మనలో చాలామందిమి చదవం. గడువు దాటాక, పునాదులు తవ్వాక గోల మొదలుపెడతాం. ఆ ప్రకటన చదవండి. గడువులోగా రాయండి. రాసేటప్పుడు మాకిష్టం లేదని రాయకండి: సర్వే నంబరు, రోడ్డు వెడల్పు, దగ్గర్లో ఉన్న బడి, సరుకు లారీలు నిలిచే చోటు, వాహనాలు పెట్టుకునేందుకు చాలని స్థలం, వీటిని రాయండి. ఒక నకలు దగ్గర ఉంచుకుని, దానిమీద తేదీతో కార్యాలయం ముద్ర వేయించుకోండి.